నాలుగో నంబరు ప్రశ్న

నేను ఒక మైకుని. శాసనసభలో అధ్యక్షుడికి ఎడమవైపు, ప్రతిపక్షం బెంచీల చిట్టచివరి వరుసలో నన్ను బిగించారు. నాలాంటి వాళ్లం మూడువందల మందిమి అట్టపెట్టెల్లో పడుకుని వచ్చాం. ఫ్యాక్టరీలో నన్ను పరీక్షించినాయన "హలో, హలో, వన్, టూ, త్రీ" అన్నాడు. అంత నిజమైన మాటలు సభలో చేరాక చాలా అరుదుగా విన్నాను.

నా స్విచ్ నా దగ్గర ఉండదు. సభ వెనక గాజుగదిలో ఉంటుంది. అధ్యక్షుడు అటు ఒక్క చూపు చూస్తే అక్కడ ఒక వేలు కదులుతుంది, ఇక్కడ నేను మూగబోతాను. మాట్లాడే మనిషికి ఆ సంగతి వెంటనే తెలియదు. చేతులు ఊపుతూ, నోరు కదుపుతూ ఉంటాడు. ఎదుటి బెంచీలవాళ్లకు అదొక వినోదం.

నా ముందు కూర్చున్నాయన రాగోలు పోలినాయుడు. ఎమ్మెల్యే కాకముందు ఇరవైరెండేళ్లు ఆర్టీసీ కండక్టరు. మాట్లాడేటప్పుడు బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు నా మెడ పట్టుకునేవాడు. తక్కినవాళ్లు బడ్జెట్ పుస్తకాల కట్టను కారు డ్రైవరు చేతికిచ్చి పంపేస్తే, ఈయన గుడ్డసంచీలో వేసుకుని ఎమ్మెల్యే క్వార్టర్సుకు మోసుకుపోయేవాడు. మర్నాడు ప్రతి పేజీలోనూ ఎర్ర పెన్సిలు గీతలుండేవి.

"అధ్యక్షా, ఈ నీళ్ల ట్యాంకు కట్టేసినామని పోయినేడూ రాసినారు, ఈ ఏడూ రాసినారు. ట్యాంకు ఒకటే. ఎన్నిసార్లు కడతారండి?"

ఆయన ఇలా అడిగితే అవతలి బెంచీలు "ఏటేటి, ఏటేటి" అని ఆయన యాసతో కోరస్ అందుకునేవి. ఆయన ముఖం ఎర్రబడేది కాదు. టిక్కెట్టు తీసుకోని ప్రయాణికుడి దగ్గర నిలబడ్డట్టు అక్కడే నిలబడి, కోరస్ అయిపోయాక మళ్లీ అదే ప్రశ్న అడిగేవాడు. ఒకసారి ఆ ట్యాంకు తాలూకు ఇంజనీరు సస్పెండయ్యాడు కూడా. ఆయన గెలిచిన సందర్భం నాకు తెలిసి అదొక్కటే.

ఆయన నియోజకవర్గంలో పనసలోవ అని కొండ కింద ఊరు ఉంది. ఊరికీ జీడితోటలకీ మధ్య నీలిగెడ్డ పారుతుంది. గెడ్డమీద వంతెన పూర్తయిందనీ, బిల్లులు చెల్లించేశామనీ ఆడిటు నివేదికలో ఒక వరుస కనిపించింది. గెడ్డలో మాత్రం రెండు మొండి స్తంభాలే ఉన్నాయి. పోలినాయుడు ఆ వరుస కింద గీత గీసి ప్రశ్న రాసిచ్చాడు. ప్రశ్న సభ ముందుకు రావడానికి పది నెలలు పట్టింది. ఈలోగా ఆగస్టు వరదలో జీడితోట పనినుంచి తిరిగొస్తున్న దోనె ఆ స్తంభాల్లో ఒకదానికే కొట్టుకుని తిరగబడింది. ఏడుగురు ఆడవాళ్లు పోయారు.

ప్రశ్న వచ్చే రోజున పోలినాయుడు ఒక ముసలామెను వెంటబెట్టుకొచ్చి సందర్శకుల గ్యాలరీలో కూర్చోబెట్టాడు. ఆమె పేరు సింహాచలం. పోయినవాళ్లలో ఆమె కూతురూ, కోడలూ ఉన్నారు. కొత్త చీర గంజిపెట్టి కట్టుకుంది. అంత పెద్ద దీపాలు ఎప్పుడూ చూడనట్టు పైకే చూస్తూ కూర్చుంది.

ఆ రోజు జాబితాలో ఆయనది నాలుగో నంబరు ప్రశ్న. మూడోది నడుస్తుండగానే ప్రతిపక్ష నాయకుడు లేచి, ఇంకేదో విషయం మీద అరిచి, సభనుంచి వాకౌట్ అన్నాడు. పార్టీవాళ్లంతా కండువాలు సర్దుకుంటూ లేచారు. నాయకుడు వెళుతూ వెళుతూ చివరి వరుస దగ్గర ఆగి వంగాడు. నా దీపం ఆరిపోయి ఉన్నా వినికిడి ఉంటుంది కదా.

"నాయుడూ, లే. బయటికి పద."

"తరవాత ప్రశ్న నాదేనండి."

"ప్రశ్న ఎక్కడికి పోతుందయ్యా? వచ్చే సమావేశాల్లో అడుగుదువుగాని."

"మనుషులు పోనారండి."

నాయకుడు గొంతు తగ్గించాడు. "ఆ కాంట్రాక్టరు మనకీ కావలసినవాడు. మొన్నటి ఎన్నికల్లో నీ ఊరేగింపు జీపులు ఎవరివనుకున్నావ్? నోర్మూసుకుని రా."

పోలినాయుడు సంచీలోంచి కాగితాలు తీసి బల్లమీద పెట్టుకున్నాడు. నాయకుడు వెళ్లిపోయాడు. ఎడమవైపంతా ఖాళీ. అన్ని ఖాళీ కుర్చీల మధ్య ఆయన ఒక్కడే నిలబడ్డాడు.

"అధ్యక్షా, నాలుగో నంబరు ప్రశ్న."

నా దీపం వెలిగింది.

ఆయన బాగా అడిగాడు. యాస ఉన్నా ఎక్కడా తడబడలేదు. వంతెన ఎక్కడుంది, కొలతలు ఎవరు తీశారు, పూర్తయిందని ఎవరు చెప్పారు అని వరసగా అడిగాడు. ఏడుగురి పేర్లూ వయసులతో సహా చదివాడు. కోరస్ అందుకోవలసిన బెంచీలు కిమ్మనలేదు. మనుషులకు సిగ్గువేయడం చూడటం అదే మొదటిసారి అనుకున్నాను. నేను పొరబడ్డాను. వాళ్లకు రాబోయేది ముందే తెలుసు.

రోడ్లూ భవనాల మంత్రి మాధవరాజు నింపాదిగా లేచాడు. మంచి గొంతు ఆయనది. ఏ మైకయినా ముచ్చటపడే గొంతు.

"పోలినాయుడుగారు నాకు పెద్దన్నలాంటివారు అధ్యక్షా. వారి ఆవేదనను గౌరవిస్తున్నాను. పూర్తయిందని ఎవరు చెప్పారని అడిగారు. వారి అనుమతితో ఒక ఉత్తరం చదువుతాను."

చదివాడు. పనసలోవ వంతెన తృప్తికరంగా పూర్తయినందుకు నియోజకవర్గ ప్రజల తరఫున ప్రభుత్వానికి కృతజ్ఞతలు అని ఉంది. కింద సంతకం, శాసనసభ్యుడు రాగోలు పోలినాయుడు. మంత్రి కాగితాన్ని పైకెత్తి నలువైపులా చూపించాడు.

"చెప్పింది వారే అధ్యక్షా!"

సభ పగలబడి నవ్వింది. బల్లలు చరిచారు. "ఏటేటి" కోరస్ ఈసారి ఆగలేదు. అధ్యక్షుడు కూడా నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. గ్యాలరీలో సింహాచలానికి ఏమీ అర్థం కాలేదు. ఇంతమంది పెద్దవాళ్లు సంతోషిస్తున్నారంటే మంచే జరిగిందనుకుంది కాబోలు. బిడియంగా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆమె కూడా నవ్వింది.

పోలినాయుడు అది చూశాడు. నా మెడమీద ఆయన చెయ్యి చల్లబడిపోయింది.

"అధ్యక్షా, ఆ సంతకం నాదే. వంతెన ఇంజనీరు ఓ రోజు కాగితాల కట్ట తెచ్చినాడు. అన్నీ సిఫారసు ఉత్తరాలే అన్నాడు. సదవకుండా పెట్టీసినాను. ఆ రోజు ఒంట్లో బాగులేదని సెప్పొచ్చు. సెప్పను. ఊరందరి లెక్కలూ సదివినోణ్ణి, నా సంతకం కింద ఏముందో సదవనేదు. ఇసారణ వెయ్యండి. బోనులో ముందు నన్నే నిలబెట్టండి."

నా దీపం వెలుగుతూనే ఉంది. ఏనాడూ రెండు నిమిషాలు దాటనివ్వని మనిషికి ఆ రోజు పదకొండు నిమిషాలిచ్చారు. ఆయన తన తప్పు ఒప్పుకుంటున్నంతసేపూ ఎవరూ అడ్డుతగల్లేదు. "నా తరవాత ఆ కాంట్రాక్టరుని నిలబెట్టండి, అతని పేరు" అన్నాడో లేదో, గాజుగదిలో వేలు కదిలింది. ఆయన పేరు చెప్పాడు. ఊరు చెప్పాడు. జీపుల సంగతి కూడా చెప్పాడు. నేను ఒక్కణ్ణే విన్నాను.

సభ వాయిదా పడ్డాక సింహాచలం అటెండరు వెంట కిందికి దిగి, తలుపు దగ్గర నిలబడి పిలిచింది.

"బాబూ, అందరూ నవ్వినారు గదా. పని అయిపోనాదా?"

ఆయన కాగితాలు సంచీలో పెట్టుకుంటున్నాడు. ఎంతసేపు పెట్టుకున్నాడో!

అడిగినట్టే విచారణ వేశారు. అంత త్వరగా ఏ కమిటీ పని చేయడం నేను వినలేదు. మూడు వారాల్లో తేల్చేశారు. ఇంజనీరు అప్పటికే రిటైరయ్యాడు గనుక చర్యకు అందడు. కాంట్రాక్టరు ఉత్తరాన్ని నమ్మి బిల్లు పెట్టాడు గనుక నిర్దోషి. ప్రాణనష్టానికి దారితీసిన నిర్లక్ష్యం శాసనసభ్యుడిది. నివేదిక బల్లమీద పెట్టిన రోజు ఆయన్ను సమావేశాలు ముగిసేదాకా సస్పెండ్ చేశారు. వాకౌట్ ఆదేశం ధిక్కరించినందుకు పార్టీ అంతకుముందే గెంటేసింది. ఇద్దరు మార్షల్స్ వచ్చారు. ఆయన పెనుగులాడలేదు. సంచీ భుజాన వేసుకుంటుంటే వాళ్లలో పెద్దవాడు "క్షమించండి సార్" అన్నాడు. "నీ డ్యూటీ నువ్ సెయ్యి నాయనా" అన్నాడీయన.

తరవాతి సంగతులు, బల్లలు తుడిచే అటెండర్లు పేపరు చదువుకుంటుంటే విన్నవే. ఆయన ఇండిపెండెంటుగా నిలబడ్డాడట. ఓట్లు అడగడానికి పనసలోవ వెళితే ఒక్కరూ ఎదురు రాలేదట. సింహాచలం గుమ్మంలోకి వచ్చి, "సంతకం నీదేగదా బాబూ" అని తలుపు వేసేసుకుందట. ఆ మాటను ఫోటోతో సహా వేశారట. దాన్ని చదివి అటెండర్లిద్దరూ పేపరు మడిచేశారు. తరవాత క్యాంటీన్లో ఉప్మా బాగుండటం లేదని మాట్లాడుకున్నారు.

ఎన్నికల్లో గాలి తిరిగింది. కుడివైపువాళ్లు ఎడమవైపుకొచ్చారు. మాధవరాజు మంత్రి పదవి పోయి, తన పార్టీలోనూ పలుకుబడి పోయి, నా ముందు కుర్చీలో కూలబడ్డాడు. అతను నా మెడను ఎప్పుడూ పట్టుకోడు. రెండు వేళ్లతో కాస్త వంచుకుంటాడు, అంతే.

మరుసటి ఏడు బడ్జెట్ సమావేశాల చివరివారంలో పోలినాయుడు పోయాడు. వంతెన విషయంలో తనమీద పెట్టిన కేసు వాయిదాకు వెళుతూ, ఒకప్పుడు తాను టిక్కెట్లు కోసిన బస్సులోనే, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. మాజీ సభ్యుడు గనుక సంతాప తీర్మానం పెట్టారు. బలపరచడానికి మాధవరాజు లేచాడు. నా దీపం వెలిగింది.

"నిజాయితీకి నిలువెత్తు రూపం పోలినాయుడుగారు. ప్రజాధనం ప్రతి పైసాకీ ఆయన కావలి కాశారు. అలాంటి సభ్యుణ్ణి ఈ సభ మళ్లీ చూడదు అధ్యక్షా."

అతని గొంతు వణికింది. నటించే వణుకూ నిజమైన వణుకూ వేరని నాకు తెలుసు. రోజూ వినే పనే నాది. అది నిజమైనదే. ఆనాడు ఆ ఉత్తరం పైకెత్తి చూపించిన మనిషే నిజంగా బాధపడుతున్నాడు. అందుకే నాకు ఆ రోజు భయం వేసింది.

సభ్యులంతా లేచి నిలబడ్డారు. రెండు నిమిషాలు మౌనం పాటించాలన్నారు. నలభై సెకన్లకే అధ్యక్షుడు కూర్చోమన్నాడు. ఆ సాయంత్రంలోగా ఆమోదించవలసిన పద్దులు ఇంకా చాలా ఉన్నాయి.