పెంకుల పొడి

"ఆ చేతుల్తో పిండి ముట్టుకోవాకు" అంది మా అత్త వరదమ్మ. పెరటాసి నెల శనివారం, ఇంట్లో స్వామికి తళిగ వేసి నైవేద్యం పెట్టే రోజు. బియ్యప్పిండీ బెల్లమూ కలిపి, నడుమ గుంట చేసి, నెయ్యి పోసి వెలిగించే పిండి దీపం పెళ్ళై వచ్చిన ఏడాది నుంచీ నేనే చేసేదాన్ని. ఈ ఏడు ఆ పని నాది కాదట. చేట కింద పెట్టి అవతలికి జరిగాను. జరగడం బాగా వచ్చేసింది నాకు.

నాయుడుపేట దగ్గర కంపెనీలో ఈ ఏడే చేరాను, నాది రొయ్యపెంకులు కడిగే పని. శ్రీకాళహస్తి నుంచి కంపెనీ బస్సులో పోయి వస్తాను. పెంకుల్ని ఆసిడ్‌లో, ఆపైన కాస్టిక్ సోడా నీళ్ళలో నానబెట్టి, కడిగి, ఎండబెట్టి, తెల్లటి పొడి చేస్తారు. ఆ పొడి షాంపూల్లోకీ, మొహానికి రాసుకునే క్రీముల్లోకీ పోతుంది. జుట్టుకు మెరుపట, చర్మానికి నునుపట. గ్లౌజు చిరిగినచోటల్లా నా తోలు ఊడుతుందన్న మాట మాత్రం ఏ సీసా మీదా ఉండదు.

మా ఆయన మునిశేఖర్‌ది ఫ్యాన్సీ అంగడి. అలాంటి షాంపూ అక్కడ అమ్ముతాడు, ఇంటికీ తెస్తాడు. అందులో ఏముందో పనిలో చేరిన కొత్తలోనే చెప్పాను. "పొడికి వాసన యాడుంటాది? నీకుండాది గానీ" అని నవ్వి, చాప బయట వేసుకోమన్నాడు. పెరటాసి నెలంతా ఈ ఇంట్లో నీచు ముట్టరు. నా జీతానికి మాత్రం ఏ నీచూ అంటదు, చూశారా!

అవన్నీ మింగాను. మింగలేనిది ఒక్కటే. నా కూతురు భవిత, రెండో తరగతి పిల్ల, నా చేత జడ వేయించుకోవడం మానేసింది. దాని నెత్తి నిమిరి ఎన్నాళ్ళైందో. అందుకే ఇవాళ సెలవు పెట్టాను. పొద్దున్నే నిమ్మచెక్క, చింతపండు, పసుపు, దొరికిందల్లా పెట్టి చేతులు తోముకున్నాను. పగుళ్ళు భగ్గుమన్నాయి. దువ్వెన పట్టుకుని పిలిస్తే వచ్చింది. ముందు నా వేళ్ళు వాసన చూసింది.

"వద్దులేమా. అవ్వ ఏస్తాది."

పిల్లను ఏమనగలను? కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. నేర్పినవాళ్ళు పెద్దవాళ్ళు. పెరట్లోకి పోయి, దాని షాంపూ సీసా వంచి మోచేతులదాకా పూసుకుని, కడుక్కుని మళ్ళీ పిలిచాను.

"అబ్బ! ఇప్పుడు బాగుండావు మా" అంటూ ఒళ్ళోకి దూరింది.

సంతోషం రావాలి కదా? ఏడుపొచ్చింది. నేను కడిగిన పెంకే సీసాలోంచి తిరిగొచ్చి నా చేతులకు అంటుకుంటే తప్ప, నా బిడ్డకు నేను పనికిరాలేదు. ఆ మెత్తటి జుట్టు వేళ్ళ పగుళ్ళకు చిక్కుకుంటుంటే మెల్లగా విడదీసుకుంటూ అల్లాను.

అత్త సీసా చూసింది. "బిడ్డ తలకు తెచ్చింది చేతులకు పూసుకుంటివా? సిగ్గులేదా?"

"పోనీలేమా" అన్నాడు మా ఆయన. "రోజూ అట్ల పూసుకోనే ఇంట్లోకి రానీ. మనకూ బాగుంటాది."

ఈ ఇంట్లో నాకు దొరికిన జాలి అదే. ఆ జాలి పట్టుకునే, సిగ్గు విడిచి అడిగాను, "అయితే పిండి కలపనా అత్తా?"

"పెంకులు పట్టిన చెయ్యి పెంకులు పట్టిందే. పో అవతలికి."

జడకు రిబ్బను కట్టి లేచాను. కొళాయి కింద చేతులు పెట్టి, ఆ పూలవాసన పోయేదాకా ఉత్త నీళ్ళతో రుద్దుకున్నాను. అడుగునుంచి నా వాసన పైకొచ్చింది. వాకిట్లో కూర్చుని, "భవితా, రా నాయనా" అని రెండు చేతులూ చాచాను. వచ్చింది. సగం దూరంలో ఆగి, వాళ్ళవ్వ మొహం చూసింది. లోపల పిండి దీపం వెలిగించి గోవిందా అన్నారు. పిల్ల లోపలికి పరుగెత్తింది, నేనల్లిన జడ వీపు మీద ఊగుతుంటే.

చేతులు దించలేదు. ఇంకెప్పుడు దాన్ని పిలిచినా ఈ చేతులతోనే పిలుస్తాను.