నోటిమాట చెల్లదు

ఉద్యోగం చేసినన్నాళ్ళూ ప్రెస్సులో ప్రూఫులు దిద్దడమే పనిగా బతికిన ఆయన్ని అందరూ కామాగారు అనేవారు. చేతికి పెళ్ళిపత్రిక ఇస్తే ముందు అచ్చుతప్పులు ఎంచి, ఆ తర్వాత పెళ్ళెవరిదో చూసే మనిషి. రిటైరయ్యాక సొంత ఇల్లు కట్టుకోవాలనుకున్నాడు. కాంట్రాక్టరు కోసం వెతకాల్సిన పని లేదు. భార్య తమ్ముడు చేసేది ఆ పనే.

"ముందు అగ్రిమెంటు రాసుకుందాం," అన్నాడు కామాగారు.

"మన మధ్య కాగితాలేంటి బావగారూ?"

"మామే కానీ వంగతోట దగ్గర కాదన్నారు. రాసుకుంటే ఎవరికీ మాట రాదు."

బావమరిది ముఖం చిన్నబోయింది. అయినా సరేనన్నాడు.

కామాగారు ప్లాను తనే గీశాడు, అగ్రిమెంటు తనే రాశాడు. ఇసుక ఎలా జల్లించాలి, గోడలు ఎన్నాళ్ళు తడపాలి, కూలీలు బీడీలు ఎక్కడ కాల్చుకోవాలి, ఏదీ వదల్లేదు. చివరికి ఇటుకంటే ఏమిటో కూడా రాశాడు.

బావమరిది ఓపిగ్గా చదివి, ప్లాను మీద వేలు పెట్టాడు. "ఈ మెట్లు మరీ నిట్టనిలువుగా ఉన్నాయండీ."

"ప్లాను సంగతి నీకెందుకు? కట్టడం వరకే నీ పని," అని కామాగారు అప్పటికప్పుడు ఇంకో షరతు చేర్చాడు: ప్లానులో తప్పొప్పులు ఎంచే బాధ్యత కాంట్రాక్టరుకు లేదు.

బావమరిదికి ఎక్కడో కాలింది. "అయితే నాదీ ఒకటి రాయండి. పని జరిగేచోట ఓనరు నోరు విప్పకూడదు."

"విప్పితే?"

"ఆ రోజుకి పని బంద్."

కామాగారు అదీ రాశాడు. పంతానికి పోయి కింద మరొకటి తగిలించాడు: నోటిమాట చెల్లదు, ఏ మార్పు కావాలన్నా కారణం చూపుతూ రాతపూర్వకంగా కోరాలి.

టీ తెచ్చిన భార్య కాగితాల కట్ట చూసి, "నేనూ పెట్టనా సంతకం?" అంది.

"నీకెందుకు? ఇది కట్టించేవాడికీ కట్టేవాడికీ మధ్య వ్యవహారం."

"అవున్లెండి. ఉండేదాన్నీ వండేదాన్నీ మాత్రమే కదా," అని ఆవిడ ఖాళీ ట్రే తీసుకుని వెళ్ళిపోయింది.

పని మొదలైంది. కామాగారు రోజూ రోడ్డుకు అవతల గొడుగు వేసుకుని, నోరు కట్టుకుని నిలబడేవాడు. గోడలు నడుమెత్తు లేచిన రోజున ఆయన గుండె గుభేలుమంది. వంటగదికి పెరటివైపు గుమ్మం ఉంది. హాల్లోకి లేదు. అన్నం గిన్నె హాల్లోకి రావాలంటే ఇల్లు చుట్టి రావాలి.

పరుగున ఇంటికెళ్ళి ప్లాను తీశాడు. ఆ గుమ్మాన్ని కాస్త పక్కకు జరుపుదామని తనే చెరిపాడు. మళ్ళీ గీయడం మరిచిపోయాడు.

బావమరిది ఆ సంగతి నేల మీద సున్నంతో గుర్తులు పెట్టినప్పుడే చూశాడు. చెబుదామని నోటిదాకా వచ్చింది. ప్లాను తప్పులు తనకెందుకన్న షరతు గుర్తొచ్చి మింగేశాడు. "మనకెందుకు, కట్టెయ్," అన్నాడు మేస్త్రీతో. ఆ మాట అన్నాక మాత్రం అతనికి నిద్ర పట్టడం లేదు.

కామాగారు ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు. 'నా పొరపాటు వల్ల' అని రాసి కొట్టేశాడు. 'పొరపాటు దొర్లినందువల్ల' అని రాశాడు. ఎవరి పొరపాటని అడిగితే? 'అనివార్య కారణాల వల్ల' అని దిద్దాడు. గుమ్మం మరిచిపోవడంలో అనివార్యం ఏముందని దాన్నీ కొట్టేశాడు. లోకంలో అందరి తప్పులకూ ఎర్రసిరా చుట్టిన చెయ్యి సొంత తప్పు దగ్గర కదలలేదు. ఉత్తరం ఒక కొలిక్కి వచ్చేలోగా గోడ తలెత్తు దాటింది.

ఆ మర్నాడు భార్య ఇల్లు చూడ్డానికి వచ్చింది. వంటగదిలో నిలబడి నాలుగు గోడలూ చూసింది.

"ఏరా, హాల్లోకి దారేది?"

తమ్ముడు నేల చూపులు చూశాడు. "అగ్రిమెంటులో లేదక్కా. మార్చాలంటే బావగారు రాసివ్వాలి."

ఆవిడ కిటికీకని వదిలిన ఖాళీలోంచి రోడ్డుకేసి చూసింది. "ఏవండీ, రాసిచ్చారా?"

కామాగారు రోడ్డు అవతలి నుంచి తల అడ్డంగా ఊపాడు. నోరు విప్పితే పని ఆగుతుంది మరి.

"అందులో నా సంతకం ఉందట్రా?"

"లేదు."

"అయితే నా మాటకి అదేం అడ్డం? ఇక్కడ కొట్టించు. కాస్త వెడల్పుగానే కొట్టించు."

తమ్ముడు ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు మేస్త్రీకి సైగ చేశాడు. తొలి సుత్తి దెబ్బకి గొడుగు కింద ఆయనా, గోడ పక్కన ఈయనా ఒక్కసారే ఊపిరి వదిలారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఇల్లు పూర్తయింది. వచ్చినవాళ్ళంతా ముందు ఆ గుమ్మాన్నే మెచ్చుకుంటారు, వంటింట్లోకి ఎంత వెలుతురు వస్తోందో అని. ఇల్లు కట్టుకునేవాళ్ళు అగ్రిమెంటు రాసిపెట్టమని కామాగారినే అడుగుతున్నారు.

"ఇంత పెద్ద గుమ్మం ఆలోచన ఎవరిదండీ?" అని ఒకాయన అడిగాడు.

"ప్లాను నేనే గీశాను," అన్నాడు కామాగారు.

పక్కనే కూర్చున్న బావమరిది టీ ఊదుకుంటూ తాగాడు.