పచ్చ గుడ్డ మీద ద్రాక్ష చక్కెర

మా దేశంలో బడి నోటి పరీక్షకు ఎవరైనా వెళ్లి వెనక కూర్చోవచ్చు. నేనూ వెళ్లాను.

"నానమ్మా, దగ్గావంటే ఊరుకోను," అని నా మనవరాలు సిసెల్ ముందే బెదిరించింది. రసాయన శాస్త్రంలో దానికి పన్నెండుకి ఏడైనా వస్తేనే చక్కెర మిల్లు ప్రయోగశాలలో శిక్షణకు తీసుకుంటారు.

పచ్చ గుడ్డ పరిచిన బల్లకు అటువైపు దాని మాస్టారు మోగెన్స్, పక్కన వేరే ఊరి నుంచి వచ్చిన పరీక్షాధికారిణి బిర్గిట్టే. బోర్లించిన చీటీల్లోంచి సిసెల్ ఒకటి లాగింది. ఒక మోలు ద్రాక్ష చక్కెర, అంటే గ్లూకోజ్, లెక్కగట్టి తూచి చూపాలి. మోలంటే అణువుల లెక్కకు డజను లాంటిదే, కాకపోతే ఊహకందనంత పెద్ద డజను.

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. వంటింట్లో కాఫీ తాగుతూ మేం చేసిన లెక్కే!

"కార్బన్ ఆరు పన్నెండ్లు డెబ్బై రెండు. హైడ్రోజన్ పన్నెండు. ఆక్సిజన్ ఆరు పదహార్లు తొంభై ఆరు. మొత్తం నూట ఎనభై గ్రాములు!"

డబ్బాలోంచి గబగబా తూచింది.

"ఇది ఒక మోలేనా?" అంది బిర్గిట్టే.

"అవును."

"నిజంగా?"

మోగెన్స్ పైకప్పు చూడసాగాడు. క్రిస్మస్ మిఠాయిలకు మేం ఏటా కొనే డబ్బా అదే. ఎన్నడైనా దాని మీద రాత చదివామా?

సిసెల్ డబ్బా తిప్పింది. చిన్న అక్షరాలు చదివి కేక పెట్టింది.

"నీళ్లున్నాయి! ఒక్కో చక్కెర అణువుకూ ఒక నీటి అణువు అంటుకుని ఉంది! నీటికి పద్దెనిమిది. నూట తొంభై ఎనిమిది తూచాలి!"

చెంచాతో ఇంకాస్త పోసింది. తక్కెడ సరిగ్గా అక్కడ ఆగింది. నేను చప్పట్లు కొట్టేశాను.

"నానమ్మా!"

"దగ్గలేదు కదే!"

మమ్మల్ని బయటికి పంపారు. కాసేపటికి పిలిచారు.

"పది," అన్నాడు మోగెన్స్.

"పన్నెండు ఎందుకు కాదు? నా చప్పట్లకు మార్కులు కోశారా?"

బిర్గిట్టే నవ్వింది. "కాదమ్మా, డబ్బా ఆలస్యంగా చదివినందుకు."

పాసైతే ఊపుదామని నేను సంచిలో తెచ్చిన చిన్న జెండా లాక్కుని, చక్కెర అంటిన చేతులతోనే సిసెల్ నన్ను ఎత్తి గిరగిరా తిప్పింది.

"దించవే, పిల్లా!"

దించలేదు.