ఆరో నెల గోధుమలు

నా భార్య నేదా పోయి ఆరు నెలలైంది. ఆరో నెల నాడు మా దగ్గర రెండు పనులు చెయ్యాలి. పోయిన మనిషి ఫోటోతో చావు కాగితం అచ్చు వేయించి తలుపులకు అంటించాలి. ఉడికించిన గోధుమల్లో చక్కెర, దంచిన వాల్‌నట్లు కలిపి ఎదురైనవాళ్ళకు పంచాలి. తీసుకున్నవాళ్ళు పోయిన మనిషిని తలుచుకుని "దేవుడు క్షమించుగాక" అని తింటారు. అంతటితో సరి.

ఊళ్ళో కాగితాలు ముందురోజే అంటించాను. మా గేటుకు ఒకటి, చర్చి తలుపుకు ఒకటి, బస్సు ఆగేచోట ఒకటి. ఇంకొకటి అట్టముక్కల మధ్య పెట్టి సంచిలో వేసుకున్నాను. అది రాజధాని సోఫియాలో ఉండే మా మరదలు వెనేతా గుమ్మానికి.

నేదా మంచాన పడ్డప్పటినుంచీ చెల్లెలినే అడిగింది. వస్తానని వెనేతా ఫోనులో చెప్పింది. చెల్లెలు వచ్చేసరికి చింపిరిగా కనబడకూడదని నేదా రోజూ పొద్దున్నే తల దువ్వించుకునేది. దువ్వింది నేనే. జనవరిలో పోయింది. చావుకూ వెనేతా రాలేదు. మంచు పడుతోందంది. మంచు పడిన మాట నిజమే. బస్సులు నడిచిన మాటా నిజమే.

కాగితం అడుగున దుఃఖిస్తున్నవాళ్ళ పేర్లు వేస్తారు. ఏం వెయ్యమంటావని అచ్చాఫీసు కుర్రాడు అడిగాడు.

"భర్త, వచ్చినవాళ్ళు. అంతే వెయ్యి."

"వచ్చినవాళ్ళేంటి తాతా? బంధువులంటారు, స్నేహితులంటారు గానీ."

"చెప్పింది వెయ్యి."

వేశాడు. ఆ ముక్క వెనేతా ఉండే బిల్డింగులో అందరూ చదవాలి. చదివి, నువ్వు వెళ్ళలేదా అని ఆమెను అడగాలి. ఇంకొకటి కూడా అనుకున్నాను. ఆమె గుమ్మం చేరేలోపు గోధుమల డబ్బా ఖాళీ కావాలి. అక్క పేరున పంచిన దాంట్లో ఆమెకు ఒక్క గింజ దక్కకూడదు.

సోఫియా నేనెప్పుడూ చూడలేదు. సైన్యంలో చేసింది సరిహద్దులో. తర్వాతంతా ట్రాక్టరు మీద. నేదా ఒకటి రెండుసార్లు ఒంటరిగా వచ్చి వెళ్ళింది. "ఎర్ర వేకువ వీధి, ట్రాము దిగి కొండవైపు" అని గడగడా చెప్పేది. నేను బస్టాండులో దిగి ట్రాము ఎక్కలేదు. ట్రాములో కూర్చుంటే గోధుమలు ఎవరికి పెడతాను?

పొద్దున్నే ఎండ మొదలైంది. తారు మెత్తబడి బూటుకు అంటుకుంటోంది. సింహాల వంతెన దగ్గర ఒక అమ్మాయిని వీధి అడిగాను. ఫోనులో వెతికింది.

"అలాంటి వీధి లేదు తాతా. ఈ ఊరేనా?"

"ఈ ఊరే. మా ఆవిడ ఆరో నెల. తీసుకోమ్మా."

డబ్బాలోకి చూసింది. "చక్కెర తినను, సారీ" అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత అడిగిన ఇద్దరూ చెయ్యి అడ్డం పెట్టి తప్పుకున్నారు. ఏదో అమ్ముతున్నాననుకున్నారు. ఊళ్ళో అయితే ఈ పాటికి డబ్బా అడుగు కనబడేది.

ఆడవాళ్ళ సంత అని పిలిచే బజారులో ఆప్రికాట్లు అమ్మే ఆవిడ చేతులు గౌనుకు తుడుచుకుని రెండు చేతులూ పట్టింది.

"దేవుడు క్షమించుగాక. మీ ఆవిడా?"

"అవును."

"ఎండలో ఈ డబ్బా మోసుకుని ఎక్కడికి పోతున్నావు?"

"ఎర్ర వేకువ వీధికి."

ఆవిడ పక్క కొట్టు వైపు తిరిగి అరిచింది. "వినవే, ఈయన ఎర్ర వేకువకి పోతాడట!" ఇద్దరూ నవ్వారు. "ఆ ఎర్రజెండా కాలం పేర్లన్నీ ఎప్పుడో పీకేశారు కదయ్యా. మీ ఊరికి ఇంకా కబురు రాలేదా?"

"మా ఊళ్ళో వీధులకు పేర్లే లేవు. మార్చాల్సిన పని పడలేదు."

"అదీ మంచిదేలే. కొండని ముందు పెట్టుకుని నడు. అక్కడ ముసలివాళ్ళెవరైనా చెబుతారు."

కొండ అంటే విటోషా. ఏ వీధి చివర చూసినా నీలంగా అదే ఉంటుంది. ఈ ఊరు కట్టినవాళ్ళు చేసిన మంచి పని దాన్ని కదపకుండా వదిలెయ్యడం.

పాత స్నానశాల పక్కన వేడినీటి ఊట దగ్గర జనం డబ్బాలతో వరసలో నిలబడ్డారు. జూలైలో పొగలు కక్కే నీళ్ళు తాగుతున్నారు. నేనూ తాగాను. ఇనప రుచి. పక్కనున్న ముసలాయన గోధుమలు నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలాడు.

"దేవుడు క్షమించుగాక. చక్కెర తక్కువైంది. ఎవరు వండారు?"

"నేనే."

"తెలుస్తూనే ఉంది. సరిగ్గా ఉడకలేదు కూడా."

ఇంకో చెంచా పెట్టమన్నాడు. పెట్టాను.

అక్కణ్ణుంచి పసుపు రాళ్ళ దారి. బూటు జారుతుంది. పెద్ద పెద్ద కార్యాలయాలు, గుమ్మాల ముందు కదలని సిపాయిలు. వాళ్ళకు పెట్టబోలేదు. తోటలో చెట్ల నీడన ముసలివాళ్ళు చదరంగం ఆడుతున్నారు. వీధి పేరు చెప్పగానే ఇద్దరూ తలెత్తారు.

"ఎర్ర వేకువా? ట్రాము షెడ్డు వెనకాల."

"షెడ్డు వెనకాల నీ మొహం! ఆసుపత్రి దాటాక, ఎడమకి. మా బావమరిది అక్కడే ఉండేవాడు."

"నీ బావమరిది ఎక్కడున్నాడో వాడికే తెలిసేది కాదు. ఎప్పుడూ తాగే ఉండేవాడు."

"తాగినా ఇంటికి చేరేవాడు. నువ్వు తాగకుండానే దారి తప్పుతావు. గుర్రాన్ని ఎక్కడ పెట్టావో చూడు."

ఇప్పుడా వీధికి ఎవరో బిషప్పు పేరు పెట్టారని చివరికి ఒప్పుకున్నారు. గోధుమలు తీసుకుని బల్ల మీంచి కళ్ళు తిప్పకుండా తిన్నారు. "దేవుడు క్షమించుగాక. రాజుకు చెక్" అన్నాడు ఆసుపత్రి ఆయన.

ఆసుపత్రి దాటాక ఊరు ఖాళీ. డబ్బున్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరూ వేసవి సెలవులకు సముద్రానికి పోయారు. మూసిన కిటికీలు, ఎండిన పూలకుండీలు. తలుపుల మీద మాత్రం మనుషులున్నారు. ప్రతి తలుపుకూ చావు కాగితాలే. నలభైరోజులవి, ఏడాదివి, పదేళ్ళవి. కొన్ని ఎండకు తెల్లబడి మొహం పోయి, టై ఒక్కటీ మిగిలింది. నడుస్తూ చదువుకుంటూ పోయాను. నాకంటే చిన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎవరి కాగితం మీదా "వచ్చినవాళ్ళు" అని లేదు.

వెనేతా బిల్డింగు దొరికింది. నాలుగంతస్తులు, సున్నం రాలిపోయింది. డబ్బాలో ఇంకా సగానికి తక్కువ కాకుండా ఉంది. ముందు కాగితం పని చూద్దామనుకున్నాను. నేను తెచ్చుకున్నది గుండు పిన్నులు. మా ఊళ్ళో తలుపులు కొయ్యవి. ఇక్కడిది ఇనప తలుపు.

పక్కనే నేల కింది గదిలో దుకాణం ఉంది. కిటికీ మోకాలి ఎత్తున ఉంటుంది. గొంతుక్కూర్చుంటే తప్ప మాట్లాడలేం. కూర్చున్నాను. మోకాళ్ళు చప్పుడు చేశాయి.

"ఏం కావాలి తాతా? బీరా?" లోపల్నుంచి అమ్మాయి అడిగింది.

"టేపు."

"అందరూ సగం దూరం వంగి అరుస్తారు. నువ్వే పూర్తిగా కూర్చున్నావు. లేవగలవా?"

"టేపు ఇవ్వు. లేచే సంగతి నేను చూసుకుంటా."

కిటికీ చువ్వ పట్టుకుని లేచాను. నాలుగు మూలలా టేపు వేసి కాగితం తలుపుకు అంటించాను. ఫోటో నేదాకు నలభై ఏళ్ళప్పటిది. పెద్ద నుదురు, ఒక పక్కకు నవ్వు. అప్పుడు వెనక నుంచి ఒక గొంతు.

"అయ్యో దేవుడా! అయ్యయ్యో!"

బెంచీ మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్న ముసలావిడ. ఒళ్ళోని కాయలన్నీ నేల మీద పడ్డాయి. తలుపు దగ్గరకొచ్చి ఫోటో మీద చెయ్యి పెట్టింది. కళ్ళజోడు లేదు.

"వెనేతా! నిన్న సాయంత్రం నా పక్కనే కూర్చుంది కదమ్మా! ఎప్పుడు పోయింది? నువ్వెవరు నాయనా?"

"బావని."

అక్కాచెల్లెళ్ళకు ఒకే పోలిక అని నాకు తెలుసు. ఈ బిల్డింగులో నేదాను ఎరిగినవాళ్ళు లేరని ఆ క్షణం దాకా తట్టలేదు. చావు కాగితంలో పేరు ఎవరూ చదవరు. మొహం చూస్తారు, తలుపెవరిదో చూస్తారు. పోయింది అక్క అని చెప్పి సరిదిద్దవచ్చు. అది మానేసి డబ్బా మూత తెరిచాను.

ముసలావిడ పేరు స్లావ్కా. ఆవిడ కేకకు రెండో అంతస్తు నుంచి బనియనుతో ఒకాయన, పై నుంచి తల్లీకూతుళ్ళు దిగొచ్చారు. ఎవరూ కాగితం కిందిదాకా చదవలేదు. ఏడుస్తూ చదవడం కష్టం. అరచేతులు చాచారు. నిండుగా పెట్టాను.

"దేవుడు క్షమించుగాక. మెట్లు కడిగే వంతు మాత్రం ఎప్పుడూ ఎగ్గొట్టేది" అన్నాడు బనియనాయన.

"పోయినదాన్ని అనకు" అంది స్లావ్కా. "ఎగ్గొట్టేదిలే. కానీ నాకు జ్వరమొస్తే పులుసు కాచి తెచ్చింది."

"ఉప్పు లేకుండా తెచ్చింది. నువ్వే చెప్పావు."

"ఉప్పు లేకపోతేనేం, తెచ్చింది." ఆవిడ గౌను అంచుతో ముక్కు తుడుచుకుంది. "అక్క పోయాక మనిషి మనిషిలా లేదు. చలికాలంలో రెండుసార్లు సంచి పట్టుకుని బస్టాండుకి వెళ్ళింది. రెండుసార్లూ తిరిగొచ్చేసింది. ఏమే అంటే, బస్సు కదిలింది స్లావ్కా, నేను కదల్లేదు అంది."

విన్నాను. బస్టాండుదాకా రావడాన్ని రావడం అనరు. ఇంకో చెంచా వడ్డించాను. డబ్బా అయిపోయింది. అనుకున్నట్టే జరిగింది.

అప్పుడే మూల తిరిగి వెనేతా వచ్చింది. చేతిలో పుచ్చకాయ.

స్లావ్కా అరిచిన అరుపుకు కాకులు లేచాయి. బనియనాయన నోట్లో గోధుమలతో దగ్గు పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. చిన్నపిల్ల ఒక్కతే నవ్వింది.

"ఏమైంది? దయ్యాన్ని చూసినట్టు చూస్తారేం?" అంది వెనేతా. తర్వాత నన్ను చూసింది. తర్వాత తలుపు. పుచ్చకాయ కింద పెట్టి దగ్గరకెళ్ళింది. ఆమె ఒక్కతే కిందిదాకా చదివింది. నేను చివరిసారి చూసినప్పటికంటే బాగా ముసలిదైంది. ఫోటోలోని నేదాలా లేదు. చివర్లో మంచం మీది నేదాలా ఉంది. ఆ పోలిక నేను తెచ్చిన ఫోటోలో లేదు.

స్లావ్కాకు ఇప్పుడు సంగతి అర్థమైంది. నా మీదికొచ్చింది. "ఏమయ్యా, నీకు నోరు లేదా? బతికున్న మనిషి పేరున మా చేత తినిపిస్తావా? ఇది అరిష్టం! ముందు ఆ కాగితం పీకు!" తనే పీకబోయింది.

వెనేతా ఆవిడ చెయ్యి పట్టుకుంది. "వద్దు. పోయినవాళ్ళ కాగితం చింపకూడదు. ఎండావానా చూసుకుంటాయి."

"కింద ఇంకా ఏం రాశాడో మరి? పాపా, నువ్వు చదువు." పిల్ల పైకి చదవగానే స్లావ్కా మండిపడింది. " భర్త, వచ్చినవాళ్ళు! ఇదేం రాత?"

"సరిగ్గానే వేయించాడు" అంది వెనేతా. "పైకి రా బావా. నీళ్ళు తాగుదువుగాని."

"ఊట దగ్గర తాగాను."

అందరూ చూస్తున్నారు. నేను కోరుకున్నది అదే. ఆమె తల దించలేదు.

"అమ్మను అలా మంచం మీద చూశాను, నాన్నను అలా చూశాను. దాన్ని కూడా అలా చూడలేననుకున్నాను బావా."

"నువ్వు చూడ్డానికి కాదు రమ్మంది. అది నిన్ను చూడ్డానికి. రోజూ తల దువ్వించుకుంది."

"ఎవరు దువ్వారు?"

"నేను."

"పాపిడి ఎటు తీశావు?"

 నేదా ఎటు తీసుకునేదో నాకు ఎప్పుడూ తెలియదు. మధ్యలో తీశాను. ఆమె ఒక్కసారీ ఏమీ అనలేదు.

"ఎడమకి" అంది వెనేతా. "గోధుమలు ఉన్నాయా?"

"అయిపోయాయి. వీళ్ళు తిన్నారు. నీ పేరున."

డబ్బా తెరిచి చూపించాను, అబద్ధమనుకోకుండా. ఆమె డబ్బాను నా చేతిలోంచి తీసుకుంది. మెట్టు మీద కూర్చుని, మూలల్లో అంటుకున్న చక్కెరను, వాల్‌నట్ పొడిని వేలితో గీకి నోట్లో పెట్టుకుంది. మూత కూడా తిప్పి గీకింది. అందరి ముందూ. బనియనాయన మొహం తిప్పుకున్నాడు. స్లావ్కా వంగి చిక్కుడుకాయలు ఏరుకోవడం మొదలుపెట్టింది.

"దేవుడు క్షమించుగాక" అంది వెనేతా.

"దేవుడి సంగతి దేవుడిది" అన్నాను. "డబ్బా ఇవ్వు. అది నేదాది."

ఇచ్చింది. మూత బిగించి ఇచ్చింది. పుచ్చకాయ సగం కోసిస్తాను, దారిలో తిందువుగాని అంది. వద్దన్నాను. తిరుగు దారి ఎవరినీ అడగలేదు. కొండను వెనక పెట్టుకుని నడిచాను. చదరంగం బల్ల ఖాళీగా ఉంది. సంతలో ఆప్రికాట్ల ఆవిడ బుట్టలు సర్దుతోంది.

"వీధి దొరికిందా?" అని కేకేసింది.

మా దేశంలో అవునంటే ఊపినట్టు తల అడ్డంగా ఊపి నడిచాను.

ఇంటికొచ్చి డబ్బా కడుగుదామని తెరిచాను. అందులో కడగడానికి ఏమీ లేదు.