ఒకే చీటీ

చీటీలు రాసే గుమాస్తా కలం ఆపి కళ్లద్దాల పైనుంచి చూశాడు. రోగుల వరసలో ఒక మేక ఉంది.

"ఏంటమ్మా ఇది?"

"మేక," అంది మేకల మంత్రసాని.

ఏ మందలో కాన్పు కష్టమైనా కబురు ఆమెకే వెళ్లేది. ఆ పేరు అలా అతుక్కుపోయింది. పక్కన కోడలు గోడకు ఆనుకుని నిలబడింది. నాలుగో నెల. కిందటేడు ఐదో నెలలో కడుపు పోయింది. ఇప్పుడు మళ్లీ అవే లక్షణాలు: పొద్దు వాలితే జ్వరం, చీర తడిసేంత చెమట, నడుం విరిగిపోయేంత నొప్పి.

"మేకలకు పక్క ఆసుపత్రి."

"అక్కణ్ణుంచే వస్తున్నా. కోడలి జ్వరం సంగతి చెబితే ఇటు పొమ్మన్నారు. నెల రోజులుగా ఇదే తిరుగుడు. మధ్యలో ఉన్నది ఒక్క గోడ, అరిగేది నా కాళ్లు. ఇవాళ కదలను."

"కాపలావాణ్ణి పిలుస్తా."

"పిలు నాయనా. మేకను పట్టుకోడానికి నాకూ ఓ మనిషి కావాలి."

వరసలో నవ్వులు లేచాయి. మేక తన వంతుగా నాలుగు పెంటికలు రాల్చింది.

గొడవ విని డాక్టరమ్మ బయటికొచ్చింది. "పెద్దమ్మా, మీ కోడలికి మందులిచ్చాను కదా?"

"ఇచ్చావు తల్లీ, మూడు రంగుల మాత్రలు. మింగినన్నాళ్లు తగ్గుతుంది, మానగానే తిరగబెడుతుంది. కిందటేడు దీని కడుపు పోయిన నెలలోనే నా మందలో ఆరు మేకలు నెలలు నిండకుండానే ఈసుకుపోయాయి. ఇప్పుడు నాలుగు. మేకల సంగతి పక్క డాక్టరుకు తెలుసు, కోడలి సంగతి నీకు తెలుసు. రెండూ తెలిసింది నా ఒక్కదానికి. నేనేమో చదువుకోలేదు."

డాక్టరమ్మ కోడలినీ మేకనూ చూసి గుమాస్తా వైపు తిరిగింది. "పక్క డాక్టరుగారిని పిలవండి," అంది.

"ఆయన వేరే శాఖ మేడమ్," అన్నాడు గుమాస్తా. "కాగితం పెట్టాలి."

"గోడ మీంచి కేకెయ్యి. నీకు గొంతు లేకపోతే నేనేస్తా," అంది మంత్రసాని, వేసింది కూడా.

పశువుల డాక్టరు మోచేతి దాకా ఉన్న తొడుగులతోనే పరిగెత్తుకొచ్చాడు. ఆరేళ్లుగా పక్కపక్కనే ఉన్నా వాళ్లిద్దరూ ఒక బల్ల ముందు కూర్చోవడం అదే మొదలు. సంగతంతా విని ఆయన అడిగాడు: "పిల్ల అడ్డం తిరిగితే బయటికి లాగేదెవరు?"

"నేనే. ఈమధ్య వేళ్లు వంగక కోడలికి నేర్పా. దాని చేయి సన్నం. మాయ కూడా అదే తీస్తుంది."

"ఉత్త చేతులతోనా?"

"మరి? తొడుగేస్తే తగిలింది కాలో తలో ఎలా తెలుస్తుంది?"

డాక్టర్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మేకలు ఈసుకుపోయే రోగం మాయలోనూ ఉమ్మనీటిలోనూ ఉంటుందని, చేతి మీది గాట్లలోంచీ పచ్చిపాలలోంచీ మనిషికి ఎక్కుతుందని ఆయన మెల్లగా చెప్పాడు.

మంత్రసాని తన చేతుల్ని తిప్పి చూసుకుంది. "అయితే దీనికి నేనే ఎక్కించానా?"

"మీకెవరూ చెప్పలేదుగా," అంది డాక్టరమ్మ.

"చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లు గోడకు అటొకరు, ఇటొకరు కూర్చున్నారు." ఆమె బల్ల మీద చేయి చాపింది. "రక్తం తీయండి. దానిదీ, నాదీ, మేకదీ. ఒకే చీటీ మీద రాయండి. విడదీశారంటే మళ్లీ అదటూ ఇదిటూ పోతాయి."

"అలాంటి చీటీ లేదమ్మా," అన్నాడు గుమాస్తా.

"ఇవాళ్టి నుంచి ఉంటుంది."

డాక్టర్లిద్దరూ కింద సంతకాలు పెట్టాక అతను నోరు మూసుకున్నాడు.

వారానికి ఫలితం వచ్చింది. కోడలికీ మేకకీ అదే రోగం. అత్తకు లేదు.

"తొందరగానే దొరికింది, మందుంది. బిడ్డ విషయం మాత్రం మాటివ్వలేను," అంది డాక్టరమ్మ.

"మాటొద్దు తల్లీ, మందివ్వు. మీ ఇద్దరూ మా మందల దగ్గరికి రండి. జబ్బు అక్కడుంటే వైద్యం ఇక్కడ కూర్చుంటుందా?"

వాళ్లు వెళ్లారు. నెల తిరిగేసరికి పై ఆఫీసు నుంచి కాగితం దిగింది: ఆసుపత్రిలోకి పశువులు రాకూడదు. గుమాస్తా దాన్ని గుమ్మానికి అంటించాడు.

మర్నాడు మంత్రసాని పదకొండుమంది ఆడవాళ్లను వెంటబెట్టుకొచ్చింది. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో మేక తాడు. ఐదో నెల దాటిన కోడలు ముందు నడిచింది. ఇప్పుడు ఆమె పని పాలు కాచడమే. మందలో కాన్పులన్నీ అత్తవే, తొడుగులేసుకుని, తిట్టుకుంటూ.

"కాగితం చూశారు కదా," అన్నాడు గుమాస్తా.

"చూశాం. మేకలు లోపలికి రావు. డాక్టర్లే బయటికొచ్చారు, అటు చూడు."

గేటు పక్కన, గోడ నీడలో, ఒకే బల్ల మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. గుమాస్తా నిట్టూర్చి కొత్త చీటీ తీశాడు. పైన మనిషికో వరస, కింద మేకకో వరస గీశాడు.

"గట్టిగా గీయి నాయనా," అంది మంత్రసాని. "చెరపడానికి ఇంకా చాలామంది వస్తారు."