వరితల్లికి కనపడని కత్తి

నేను ఒక కత్తిని. జావా ద్వీపంలో నాకంటే ఎక్కువ తలలు నరికిన కత్తి ఇంకోటి లేదు. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి కనుచూపు మేర మొండేలే మిగిలేవి. రాజుల నడుముకి వేలాడిన కత్తులు కూడా నా పేరు వింటే ఒరల్లోకి దూరిపోయేవి.

ఇలా చెప్పుకుంటూ చాలా ఏళ్లు గౌరవంగానే బతికాను. ఒకరోజు పట్నం నుంచి దారి తప్పి వచ్చిన ఒకాయన నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది పెన్సిళ్లు చెక్కుకునేదా?" అని అడిగాడు. అక్కడితో నా పరువు పోయింది. నిజం ఏమిటంటే నేను మనిషి వేలంత ఉంటాను. నేను నరికిన తలలు వరి వెన్నులు.

విరిగిన రంపంలోంచి ఒక ముక్క తీసి, పనస చెక్కలో బిగించి, అడ్డంగా ఒక వెదురు పుల్ల దూర్చాడు మా కమ్మరి. అదే నా జన్మ. కసియెమ్ వాళ్లమ్మ ఒక కోడిపెట్టని ఇచ్చి నన్ను తెచ్చుకుంది. ఆ పెట్ట ఇంకా రెండేళ్లు గుడ్లు పెట్టేదని ఆవిడ పోయేదాకా అంటూనే ఉంది. ఆ తర్వాత కసియెమ్ చేతికి వచ్చాను.

మా ఊరు కరంగ్‌సరి. మీరు విని ఉండరు. వాన కూడా పక్క ఊరి దాకా వచ్చి, మా ఊరికి దారి అడిగి, ఎవరూ సరిగ్గా చెప్పకపోతే విసుగొచ్చి అక్కడే కురిసి వెళ్లిపోతుంది. కొండ వాలంతా మెట్లు మెట్లుగా మళ్లు. మడి ఉన్నవాళ్లు కొద్దిమంది. లేనివాళ్లు, అంటే కసియెమ్ లాంటివాళ్లు, కోతకి వెళ్లి, కోసిన దాంట్లో తమ వంతు పాలు ధాన్యం తెచ్చుకుని తింటారు.

ఇక్కడివాళ్లు మసీదులో నమాజు చేస్తారు. మడిలోకి దిగాక వరిని దేవి శ్రీ అంటారు. రెంటికీ ఎప్పుడూ పేచీ రాలేదు. దేవి శ్రీ మహా పిరికిదట. కత్తి కనపడితే హడలిపోయి వెళ్లిపోతుందట, వచ్చే పంట తాలు పోతుందట. అందుకే నన్ను అరచేతిలో దాచి, వేళ్లతో ఒక్కో వెన్నూ లాగి, ఆవిడకి తెలియకుండా కోస్తారు. మొదట కోసిన పిడికెడు వెన్నుల్ని గుడ్డలో చుట్టి వరితల్లి అంటారు. ఆ తల్లి గాదెలోకి చేరేదాకా మడిలో చావు మాట ఎత్తకూడదు, ఏడవకూడదు. అగ్నిపర్వతం పొగ కక్కుతుంటే దాని ఒళ్లో కూర్చున్న దేవత, వేలంత కత్తికీ ఒక కన్నీటి బొట్టుకీ భయపడుతుందట. మనుషులు పెట్టిన నియమం, నేనేమీ అనను.

వరితల్లిని కోసే మంత్రం తెలిసింది మా ఊళ్లో కసియెమ్ ఒక్కతికే.

ఒక ఏడాది చాలా మళ్లలో పొట్టి వరి వేశారు. పొట్టి వరికి నేను పనికిరాను, కొడవలి కావాలి. పంటని మడిలోనే కొనేసే షావుకారు ఒకడు దాపురించాడు; కొడవళ్లతో అతని మనుషులు వచ్చి, కోసుకుని, ఆడవాళ్లకి పాలు ఇవ్వకుండా వెళ్లిపోయేవారు. పొడుగు వరి మిగిలింది పాక్ విర్యో అనే ముసలి రైతు మడిలోనే. ఆయన్నీ షావుకారు వదల్లేదు. చివరికి ముసలాయన ఆడవాళ్లతో చెప్పాడు: "ఈ ఒక్క రోజు మీది. పొద్దుగూకేలోపు కోత పూర్తయిందా, పాలు మీవి. కాలేదా, రేపు కొడవళ్లు దిగుతాయి. నన్ను తిట్టుకోవద్దు."

కసియెమ్ తెల్లవారుతుండగానే మడికి వచ్చింది. దేవి శ్రీ కోసం గట్టు మీద పూలు, గుడ్డు, దువ్వెన, అద్దం పెట్టింది. అప్పుడే లోయ అవతల ఊరి మసీదు మైకులో ఏదో చెప్పారు. కసియెమ్ చెల్లెలు తుమినా ఉండేది ఆ ఊళ్లోనే, చాన్నాళ్లుగా మంచం మీద ఉంది. ఏం చెప్పారో మాకు వినపడలేదు. గాలి అటు వైపు వీస్తోంది.

ఆడవాళ్లంతా వచ్చారు. కసియెమ్ మంత్రం చదివి వరితల్లిని కోసింది. కోత మొదలైంది. పైనెమ్ అని ఒకావిడ ఉంది, నోరు ఊరుకోదు. ఇక్కడ అక్కని 'యూ' అంటారు.

"యూ కసియెమ్, పాక్ విర్యో గట్టు మీద నించుని నీకేసే చూస్తన్నాడు."

"నాకేసి కాదే, నా గంప కేసి. ముసలాడికి ధాన్యం కన్నా అందంగా ఏదీ కనపడదు."

"నువ్వు కోసే తీరు చూస్తే దేవి శ్రీ కూడా నిద్రలో ఉన్నాననుకుంటాది."

"నీ వాగుడికి మేలుకుంటాదిలే."

కాసేపటికి గట్టు మీద మోటారు సైకిల్ ఆగింది. వచ్చింది తుమినా అల్లుడు. కింద నీళ్ల దగ్గర ఉన్న పైనెమ్‌కి చెప్పి, మనుషులు ఎదురు చూస్తున్నారని తిరిగి వెళ్లిపోయాడు. తుమినా తెల్లవారుజామున పోయింది. మధ్యాహ్నం నమాజు కాగానే మట్టి చేస్తారు.

పైనెమ్ వచ్చి పక్కనున్న రుబియా చెవిలో వేసింది. కసియెమ్, నేను రెండు బారల దూరంలో ఉన్నాం.

"చెప్పకపోతే ఎట్టాగే? తోడబుట్టింది. ఆఖరి చూపు," అంది రుబియా.

"చెప్తే ఇక్కడే కూలబడి ఏడుస్తాది. ఈ మడిలో ఏడిస్తే ఇంకేముంది? మంత్రం చెప్పినది మజ్జలో వెళ్లిపోతే కోత ఆగిపోద్ది. నీ ఇంట్లో బియ్యం ఎన్నాళ్లకున్నాయి?"

రుబియా వంగి ఇంకో వెన్ను కోసింది.

అలా ఆ మాట ఒక్కో వెదురు టోపీ కిందకీ పాకింది. వరసలో అందరికీ తెలిసిపోయింది, కసియెమ్‌కి తప్ప. పైనెమ్ ఇంకా ఎక్కువ వాగింది. తన మొగుడి గురక గురించి, ఆ గురకకి భయపడి ఊరు వదిలి పారిపోయిన పులి గురించి చెప్పింది. అందరికంటే గట్టిగా నవ్వింది కసియెమే. పాపం, ఏమీ తెలియదు కదా.

మధ్యాహ్నం లోయ అవతల నమాజు పిలుపు వినపడింది. కసియెమ్ నిటారుగా నిలబడి ఆ వైపు తిరిగింది. చాలాసేపు అలాగే ఉంది. అందరి చేతులూ ఆగిపోయాయి.

"ఏంటి యూ?" అంది పైనెమ్.

"ఏం లేదు. నడుం పట్టేసింది."

నిజంగానే నడుం పట్టేసి ఉంటుంది. వయసు అలాంటిది.

పైనెమ్ టోపీ కిందికి లాక్కుని ముఖం తుడుచుకుంది. కసియెమ్ చూసింది. "చెమట తుడుచుకోవే. తల్లి చూస్తాది," అని మళ్లీ వంగింది.

పొద్దుగూకే ముందే కోత పూర్తయింది. పాక్ విర్యో మాట మీద నిలబడ్డాడు, పాలు పంచాడు. కసియెమ్ వరితల్లిని చంటిబిడ్డలా ఎత్తుకుని గాదెలో పడుకోబెట్టి తలుపు మూసింది. ఆడవాళ్లంతా ఆవిడ చుట్టూ చేరారు. పైనెమ్ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"యూ, ఒక మాట చెప్పాలి."

"మట్టి చేసేశారా?" అంది కసియెమ్.

పైనెమ్ పట్టుకున్న చెయ్యి వదిలేసింది.

"మజ్జానమే," అంది. "నీకెప్పుడు తెలిసింది?"

"మీ అందరికన్నా ముందు. పొద్దున్నే మైకులో పేరు చెప్పారు."

"మరి వెళ్లలేదేం యూ?"

"నా అంతట నేను వెళ్తే మీ పిల్లల నోటికాడ కూడు లాగేసినదాన్నవుతాను. మీకు కబురొచ్చిందని మీ మొహాలు చూస్తే తెలిసింది. ఒక్కరైనా వెళ్లమంటారేమోనని చూశాను."

కోపంగా అనలేదు. అన్నం ఇంకా ఉడకలేదు అన్నట్టు అంది. తన పాలు నెత్తికెత్తుకుని, ఇంటికి కాదు, లోయ దారి పట్టింది. ఆ రాత్రి తుమినా ఇంట్లో వచ్చినవాళ్లకి పెట్టిన అన్నం ఆ ధాన్యం దంచి వండిందే.

మరుసటి ఏడాది పాక్ విర్యో కూడా పొట్టి వరే వేశాడు. కొడవళ్లు దిగాయి. నన్ను పొయ్యి పైన వెదురు గోడలో గుచ్చారు. పైనెమ్ ఇప్పటికీ వస్తుంది, ఇప్పటికీ వాగుతుంది. ఇద్దరూ ఒకే తమలపాకు పెట్టెలోంచి వేసుకుంటారు. కానీ పైనెమ్ ఏదైనా నవ్వే మాట అని, నవ్వకుండా ముందు కసియెమ్ ముఖం చూస్తుంది.

మొన్న కసియెమ్ నన్ను గోడలోంచి తీసింది. మసి తుడిచి, బొటనవేలు పదును మీద ఆనించింది. ఇంట్లో ఎవరూ లేరు.

"ఎన్ని మార్లు ఊడిపోయావే నువ్వు," అంది నాతో. "పన్నెండు వెన్నులు కోస్తే పదమూడో దానికి చెక్కలోంచి జారిపోయేదానివి. నిన్ను బిగించుకుందామని ఇంటికెళ్లిన రోజులున్నాయి. ఆ రోజు మాత్రం ఒక్కసారీ ఊడలేదేం? ఊడుంటే, కత్తి పోయింది అని ఆ వంకన గట్టెక్కేదాన్ని. అట్నించి అటే వెళ్లేదాన్ని."

నన్ను మళ్లీ గోడలో గుచ్చి నీళ్లకి వెళ్లింది.

మీకు ఇందాక గాలి అటు వైపు వీస్తోందని చెప్పాను. అబద్ధం. గాలి మా వైపే వీస్తోంది. తుమినా పేరు, మొగుడి పేరు, మట్టి చేసే వేళ, అన్నీ శుభ్రంగా వినపడ్డాయి. నేనున్నది ఆవిడ అరచేతిలో. ఆ చెయ్యి చల్లబడిపోవడం నాకు కాక ఎవరికి తెలుస్తుంది? ఆవిడ ఏమీ తెలియక నవ్విందని మీకు చెప్పినప్పుడు కూడా నాకు తెలుసు.

వదులయ్యానని కూడా తెలుసు. పొద్దెక్కేసరికే చెక్కలో కదులుతున్నాను. ఒక్కసారి జారితే చాలు. కానీ జారితే ఆవిడ వెళ్లిపోతుంది, వెళ్తే కోత ఆగుతుంది, ఆగితే రేపు కొడవళ్లు వస్తాయి, కొడవళ్లు వస్తే నేనుండను. అందుకని పనస చెక్కని గట్టిగా కరుచుకుని, పొద్దుగూకేదాకా ఒక్క వెన్నూ తప్పిపోకుండా కోశాను.