గొలుసుకట్టు రాత

ఏడో మిషన్‌లో పెన్ను ఎండిపోయింది. కార్డు మీద గీత పడకపోయినా ఇనుప చెయ్యి మాత్రం శ్రద్ధగా రాసుకుంటూ పోతోంది. దమయంతి దాన్ని ఆపి, కొత్త పెన్ను బిగించి, కార్డును మళ్లీ మొదటి వరుసకు సర్దింది. అమెరికాలో, ఇర్వింగ్‌లోని ఆ షెడ్డు నిండా ఇలాంటి మిషన్లే. ఇళ్లమ్మేవాళ్లు, పళ్ల డాక్టర్లు తమ పేరుతో 'చేత్తో రాసిన' కార్డులు పంపమంటారు, మిషన్ రాసి పెడుతుంది. మనిషే రాశాడని నమ్మించడానికి అక్కడక్కడా కాస్త వంకర కూడా పోతుంది.

ఏడో మిషన్ రాసేది దమయంతి రాతే. చేరిన కొత్తలో ఆమె ఇంగ్లీషు గొలుసుకట్టు రాత చూసి మేనేజర్ ముచ్చటపడి, ఒక్కో అక్షరాన్నీ పది రకాలుగా రాయించుకున్నాడు. ఆ రోజు అమ్మకు ఫోన్ చేసి గొప్పగా చెప్పుకుంది. వై అక్షరం తోక మరీ ఎడమకు మెలిపెడుతున్నావని తాడేపల్లిగూడెం కాన్వెంటులో టీచరు స్కేలుతో వేళ్ల మీద కొట్టేది. ఆ తోక మిషన్‌కూ వచ్చింది. తర్వాత్తర్వాత ఆ సంబరం చల్లారింది. ఉద్యోగమేమిటని ఎవరైనా అడిగితే ప్యాకింగ్ అని చెప్పి ఊరుకునేది. ఇంట్లో సరుకుల చీటీ కూడా ఫోన్‌లోనే రాసుకునేది.

ఈవేళ వస్తున్నవి పరామర్శ కార్డులు. చివరి రోజుల్లో రోగులను ఇంటికొచ్చి చూసుకునే సంస్థ ఒకటి, పోయినవాళ్ల ఇళ్లకు నర్సుల పేరుతో పంపిస్తుంది. పేర్లు చదవకుండా పెట్టెలో వేయడం దమయంతికి ఎప్పుడో అలవాటైపోయింది.

సాయంత్రం ఆమె మెట్లెక్కేసరికి పక్క అపార్ట్‌మెంట్ తిరుపతయ్య గుమ్మంలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. లోపల సూట్‌కేసులు. భార్య శేషమ్మ పోయి నెల దాటింది, ఇంకాసేపట్లో వేరే రాష్ట్రంలో, కమ్మింగ్‌లో ఉండే కూతురు రాధారాణి దగ్గరికి విమాన ప్రయాణం. ఈ నెలలో దమయంతి ఒక్కసారి గుమ్మం దాకా వచ్చి అన్నం గిన్నె ఇచ్చి వెళ్లింది. ఏం మాట్లాడాలో తెలియక, మధ్యన ఒక్క గోడే ఉన్నా తప్పించుకు తిరిగింది.

"బిడ్డా, గీ కార్డుకు జర ఇంగ్లీషుల జవాబు రాసిస్తవా?" అన్నాడాయన. "మా ముసల్దాన్ని చూసుకున్న నర్సమ్మ రాసింది. నా కొడుకు ఫణిని అడిగితే ఈమెయిల్ కొడ్తనంటడు. చేత్తోని వచ్చినదానికి చేత్తోనే పోవాలె. అందరు ఫోన్ల ఓం శాంతి అని కొట్టిన్రు. కూసోని రాసింది గీమె ఒక్కతే. పొద్దుగాల ఓసారి, పండుకునేటప్పుడు ఓసారి చదువుకుంట."

దమయంతి కొట్టిందీ ఓం శాంతే.

కార్డు తెరవగానే ఎడమకు మెలి తిరిగిన వై తోక కనబడింది. శేషమ్మ పేరు తన రాతలో ఉంది, తాను మాత్రం ఆ పేరు ఏనాడూ రాయలేదు. ముఖం భగ్గుమంది. నిజం చెబితే ఈ ముసలాయనకు ఆ రెండు పూటల ఆసరా పోతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు, తనకొక్కదానికే తెలిసిన సిగ్గు మిగులుతుంది. కాగితం, పెన్ను అందుకుంది.

"మీరు రాసింది చదివినంకనే నాకు ఏడుపొచ్చింది, అప్పటిదాంక రాలే అని రాయి," అన్నాడు తిరుపతయ్య.

మొదటి అక్షరం అలవాటుగా వంపు తిరగబోయింది. రోజూ రెండు పూటలా చూస్తున్న రాత, ఇట్టే పట్టేస్తాడు. దమయంతి చెయ్యి బిగబట్టి, అన్నీ పెద్ద అక్షరాలుగా, విడివిడిగా, దొంగ సంతకం పెడుతున్నదానిలా రాసింది.

ఆయన కళ్లజోడు సర్దుకుని చూశాడు. "గిదేంది బిడ్డా, దుకాణం బోర్డు రాసినట్టు రాసినవ్. గొలుసుకట్టు రాదా?"

"రాదు అంకుల్."

"సిగ్గుపడకు. దిద్దుకుంటే వస్తది."

కాన్వెంటులో అందరి ముందూ దెబ్బలు తిన్న రోజున కూడా దమయంతి ఇంత సిగ్గుపడలేదు. తలుపు వేసుకుని చాలాసేపు చేతులు కడుక్కుంది. బయట సూట్‌కేసుల చక్రాల చప్పుడు మెట్ల దాకా వెళ్లి ఆగిపోయింది. వెళ్లొస్తానని ఆయన తలుపు తట్టలేదు, ఆమె కూడా తీయలేదు.

ఎయిర్‌పోర్ట్ నుంచి తిరిగొస్తూ ఫణి బెల్లు కొట్టి, ఒక పుస్తకం చేతికిచ్చాడు. "నాన్న మీకిమ్మన్నడు అక్కా. కార్డుల ఉన్నదంతా నోటికొచ్చిందంట. మీరు చూసుకుంట ప్రాక్టీస్ చేయాల్నంట. నేను వద్దన్నా ఇన్లే, ఏమనుకోకండి."

"ఫణీ, ఇది..." అంది దమయంతి. అతను ఆగి చూశాడు.

"ఏం లేదు. థ్యాంక్స్ చెప్పు," అంది.

ఆమె భోజనాల బల్ల మీద, ఫణి కూతురు సాన్వి సగం వాడి వదిలేసిన నాలుగు గీతల కాపీ పుస్తకం, అందులో మొదటి ఖాళీ పేజీకి క్లిప్పు పెట్టిన కార్డు.